జీవి ఆకారాన్ని చూసి దాని బతుకును చదవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల పరిశీలకులకు ఒక మార్గదర్శి

కొంగకు పొడవైన కాళ్లు నీటిలో నడవడానికి, చేపకు మొప్పలు ఊపిరి పీల్చుకోవడానికి ఉన్నాయని మన పిల్లలు బడిలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ సమాధానం తప్పు కాదు, సగం మాత్రమే. శరీర నిర్మాణం ఏదైనా జీవికి ఒక వెసులుబాటు ఇస్తూనే మరొక దారిని మూసివేస్తుంది. మూసుకుపోయిన ఆ దారి ఏదో కనుక్కున్నప్పుడే ఆ జీవి ఎక్కడ మేస్తుంది, ఎప్పుడు వలస పోతుంది, ఏ పరిస్థితిలో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది అన్న విషయాలు తేటపడతాయి. ఆ రెండో సగాన్ని చదవడం ఎలాగో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సముద్రతీరం, ఉప్పునీటి సరస్సు, రొయ్యల చెరువులు, తాటితోపులు, మెట్టభూములు, చిట్టడవులు అన్నీ ఒకరోజు ప్రయాణంలో అందే నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో ఈ విద్య నేర్చుకోవడానికి దూరం వెళ్లవలసిన పని లేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, స్కేలు, మూరెడు దారం, ఒక భూతద్దం ఉంటే మొదలుపెట్టవచ్చు. బైనాక్యులర్ ఉంటే పక్షుల దగ్గర ఉపయోగపడుతుంది.

ఏ జీవిని చూసినా మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోండి. ఈ భాగం దానికి ఏ పని సాధ్యం చేస్తోంది? అదే భాగం దాన్ని ఏ పనికి పనికిరాకుండా చేస్తోంది, లేదా ఏ బాధ్యతను నెత్తిన పెడుతోంది? ఆ లోటును జీవి తన నడవడితో, మిగతా అవయవాలతో ఎలా పూడ్చుకుంటోంది? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు పరిశీలన రెండో ప్రశ్నతోనే మొదలవుతుంది.

చేపల మార్కెట్‌తో మొదలుపెట్టండి

పక్షి ఎగిరిపోతుంది, సీతాకోకచిలుక నిలవదు. బల్లమీది చేప మీరు కొలిచేదాకా కదలదు. కాబట్టి తొలి పాఠానికి మార్కెట్ మంచిది. ఉదయాన్నే, రద్దీ పెరగకముందే వెళ్లి, అమ్మే అమ్మకు మీ పని చెప్పి, వంజరం, చందువ, కొరమీను ఈ మూడింటినీ చూపించమని అడగండి. దారంతో ఒక్కొక్క చేప పొడవు కొలిచి, తర్వాత వీపు నుంచి పొట్టదాకా దాని గరిష్ఠ వెడల్పు కొలిచి, మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. వంజరానికి ఆ విలువ ఐదు దాపుల వస్తుంది, చందువకు రెండుకంటే తక్కువే ఉంటుంది. తోక మొదలును వేళ్ల మధ్య పట్టి చూడండి. వంజరంలో అది సన్నగా, గట్టిగా ఉండి, దాని చివర నెలవంక రూపంలో తోక విచ్చుకుని ఉంటుంది. ఆగకుండా వేగంగా ఈదే చేపకు తగిన నిర్మాణం అది. గుండ్రంగా, పలచగా ఉండే చందువ అంత పరుగు తీయలేదు గాని, తక్కువ చోటులో చటుక్కున మళ్లుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. మీరెప్పుడైనా మార్కెట్‌లో బతికున్న వంజరాన్ని చూశారా? చూసి ఉండరు. వంజరానికి శరీరంలో గాలితిత్తి లేదు, అందువల్ల ఈత ఆపితే అది మునుగుతుంది. నోరు కొద్దిగా తెరుచుకుని ముందుకు దూసుకుపోతూ ఉంటేనే దాని మొప్పలమీదుగా తగినంత నీరు పారుతుంది. ఆ వేగాన్ని ఇచ్చిన దేహమే దానికి విశ్రాంతి లేకుండా చేసింది. వలలో చిక్కి కదలలేకపోయిన వంజరం తీరం చేరేలోపే చనిపోతుంది కాబట్టి పడవవాళ్లు వెంటనే ఐసులో పెడతారు.

పక్క బల్ల దగ్గర తొట్టిలో బెత్తెడు నీళ్లలో కొరమీను దర్జాగా మెదులుతూ ఉంటుంది. దాని మొప్పలకు పైన, తలలో ఒక గది వంటి ఖాళీ ఉంది. అది నీటిపైకి వచ్చి మింగిన గాలి నుంచి ప్రాణవాయువును ఆ గదిలోని రక్తనాళాల పొర తీసుకుంటుంది. ఎండాకాలంలో చెరువు అడుగంటి నీళ్లు చెడినా, బురదలో తడి మిగిలినంతకాలం కొరమీను బతకగలగడానికి కారణం ఇదే. అయితే దానికీ ఒక అప్పు ఉంది. ఎదిగిన కొరమీనుకు ఒక్క మొప్పలు చాలవు, దాన్ని పైకి రానివ్వకుండా నీటి అడుగునే ఆపితే చేపై ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది. గాలి కోసం పైకి వచ్చే ఆ క్షణమే కొంగకూ, గాలం వేసినవాడికీ అదను. అమ్మేవారిని అడిగితే ఏ చేప ఎంతసేపు ప్రాణంతో ఉంటుందో మీకంటే బాగా చెబుతారు. ఆ మాటలను వారు చెప్పినట్టే పుస్తకంలో రాసుకుని, తర్వాత శరీర నిర్మాణంతో సరిపోల్చండి.

టేకు చేప దొరికితే తిరగేసి చూడండి. నోరు అడుగున, కళ్లు పైన ఉంటాయి. కళ్ల వెనుక రెండు రంధ్రాలుంటాయి. ఇసుకకు అంటుకుని పడుకునే చేప నోటితో నీరు పీలిస్తే ఇసుక కూడా లోపలికి పోతుంది, కాబట్టి పైనున్న ఆ రంధ్రాల గుండా నీటిని తీసుకుంటుంది.

ఒక రొయ్యను పూర్తిగా విప్పి చూడండి

మన ప్రాంతంలో వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్న జీవి రొయ్య. నిర్మాణం జీవితాన్ని ఎంతగా శాసిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తలతో ఉన్న పచ్చి రొయ్యను ఒకటి తెల్లటి పళ్లెంలో పెట్టుకోండి. ఎక్కువగా దొరికేది వనామీ. అది పసిఫిక్ మహాసముద్రానికి ఆవల, మధ్య, దక్షిణ అమెరికా తీరాలకు చెందిన జాతి. మన దేశంలో 2009 నుంచి వాణిజ్యపరంగా సాగులోకి వచ్చింది.

ముందు కాళ్లు లెక్కపెట్టండి. తలభాగం కింద నడిచే కాళ్లు ఐదు జతలు, తోకభాగం కింద ఈదే కాళ్లు ఐదు జతలు కనిపిస్తాయి. తలమీది గుల్ల అంచును పక్కనుంచి మెల్లగా ఎత్తితే ఈకల వంటి మొప్పలు బయటపడతాయి. తర్వాత తోకభాగం గుల్లను వలవండి. ఆరు ఖండాలూ ఒకదాని కిందికి ఒకటి జారేలా అమర్చి ఉండటం, మధ్యలో మెత్తటి పొర ఉండటం గమనించండి. గట్టి గుల్ల వంగదు కాబట్టి వంగవలసిన చోట మెత్తని కీలు ఉండక తప్పదు. వీపు పొడవునా కనిపించే నల్లని గీతను ఇళ్లలో 'నరం' అంటూ తీసేస్తారు గాని, నిజానికి అది పేగు. అసలు నాడీతంతువు పొట్టవైపు, సన్నటి తెల్లని దారంగా సాగుతుంది. మన వెన్నుపాము వీపువైపు ఉంటే దానిది పొట్టవైపు ఉంది.

ఇక మనం తినే భాగం. తోకను నింపిన ఆ కండ దాదాపు అంతా ఒకే పనికి ఏర్పడింది. ప్రమాదం ఎదురైనప్పుడు తోకను ఒక్కసారిగా పొట్ట కిందికి ముడిచి, నీటిని తన్ని, వెనక్కి ఎగిరిపోవడమే ఆ పని. చెరువులో విసురు వల వేసినప్పుడు రొయ్యలు నీళ్లపైకి చిందులేయడం చూసినవారికి ఆ కండ బలం తెలుసు.

ఇప్పుడు గుల్లను వేళ్ల మధ్య నలిపి చూసి రెండో ప్రశ్న వేయండి. ఖైటిన్, సున్నపు పదార్థం కలిసి ఏర్పడిన ఆ గుల్ల రొయ్యకు కవచమూ అదే, అస్థిపంజరమూ అదే. కానీ అది సాగదు. లోపలి శరీరం పెరగాలంటే పాత గుల్లను వదిలి కొత్తది కట్టుకోవడం ఒక్కటే మార్గం. మన రైతులు దీన్ని 'మౌల్టింగ్' అనే అంటారు. ఆ సమయంలో రొయ్య కాళ్ల తొడుగులు, మీసాల తొడుగులు, కంటిమీది పొర, చివరకు పొట్ట లోపలి గట్టి పొరతో సహా వదిలేస్తుంది. వెంటనే నీరు పీల్చుకుని ఉబ్బి, కొత్త గుల్ల గట్టిపడకముందే తన కొలతను పెంచుకుంటుంది. గట్టిపడేదాకా దానికి రక్షణ లేదు, తోటి రొయ్యలే దాన్ని పీక్కుతినే ప్రమాదం ఉంది.

రొయ్యల రైతు దినచర్య అంతా ఈ ఒక్క నిర్మాణం చుట్టూ తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. చెరువులోకి దించి ఎత్తి చూసే చెక్ ట్రేలో (పరీక్షించే పళ్లెంలో) వదిలిన గుల్లలు కనిపిస్తున్నాయా అని చూడటం, రొయ్యను నొక్కి మెత్తదనం పరీక్షించడం, బోరు నీటితో నడిచే చెరువుల్లో మెగ్నీషియం, పొటాషియం వంటి ఖనిజాలు చల్లడం, మౌల్టింగ్ వేళ నీటిలో ఆక్సిజన్ తగ్గకుండా ఏరియేటర్లు తిప్పడం, ఇవన్నీ 'సాగని గుల్ల' అనే మూలకారణం నుంచి పుట్టిన పనులే. చెరువు గట్టుకు వెళ్లే అవకాశం ఉంటే రైతు అనుమతితో చెక్ ట్రే ఎత్తినప్పుడు పక్కన నిలబడి, ఒక వదిలిన గుల్లను అడిగి తెచ్చుకోండి. భూతద్దం కింద అందులో కంటి తొడుగు సైతం కనిపిస్తుంది.

సరుగుడు పుల్ల, తాటి మాను

మొక్కలు కదలవు కాబట్టి వాటి రూపానికీ జీవితానికీ ఉన్న సంబంధం ఇంకా స్పష్టంగా కనబడాలి. అయినా మనం వాటిని తక్కువగా చూస్తాం. మైపాడు దగ్గరో, కొత్తపట్నం దగ్గరో తీరం వెంట ఉన్న సరుగుడు తోటలోకి వెళ్లి, ఆకుపచ్చని దారం వంటి పుల్లను ఒకటి తీసుకోండి. దాన్నే అందరూ ఆకు అనుకుంటారు. రెండు కొసలా పట్టుకుని మెల్లగా లాగితే అది ఒక కణుపు దగ్గర టక్కున ఊడివస్తుంది. ఊడిన చోట భూతద్దం పెట్టి చూడండి. కణుపు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది దాకా సన్నని పళ్లు వలయంగా నిలబడి ఉంటాయి. ఆ పళ్లే సరుగుడు ఆకులు. ఆకుపచ్చని దారమంతా కాండమే, ఆహారం తయారుచేసే పని అదే చేస్తుంది. దానిమీద నిలువునా సాగే గాళ్లను గమనించండి. ఆవిరిని బయటికి వదిలే సూక్ష్మ రంధ్రాలు ఆ గాళ్ల అడుగున దాగి ఉంటాయి కాబట్టి ఉప్పుగాలి వాటిని నేరుగా తాకదు. సముద్రపు గాలి సన్నని పుల్లల మధ్యనుంచి వడపోసినట్టు సాగిపోతుంది, కొమ్మ విరగదు. తీరంలో గాలి తాకిడికి అడ్డుగా సరుగుడును నాటడానికి ఆధారం ఈ నిర్మాణమే. వేళ్లను కొద్దిగా తవ్వి చూస్తే బుడిపెలు దొరుకుతాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి కాబట్టే సారంలేని ఇసుకలో అది పెరుగుతుంది.

దీని అప్పు ఏమిటి? ఇంత సన్నని పచ్చదనంతో బతకాలంటే నిండు ఎండ కావాలి. సరుగుడు తోట నీడలో, రాలిన పుల్లల మందమైన పరుపు కింద దాని సొంత విత్తనాలు మొలిచి నిలవడం అరుదు. నరికిన తోటను రైతు మళ్లీ నారు తెచ్చి నాటుకోవలసి రావడంలో ఈ కారణం కూడా ఉంది.

తాటిచెట్టు దగ్గర చేయవలసిన పరీక్ష ఇంకా తేలిక. పొలం గట్టున ఎప్పుడో కంచె కోసం తీగ చుట్టిన వేపచెట్టునూ, తీగ చుట్టిన తాటిచెట్టునూ వెతకండి. వేపమాను తీగను మింగేసి ఉంటుంది, తాటిమాను మీద తీగ అలాగే ఉంటుంది. వేపలో బెరడు కింద ఏటేటా కొత్త కలప పొరను వేసే కణజాలం ఉంది, తాటిలో అది లేదు. అందుకే తాటిచెట్టు మొదటి కొన్నేళ్లు పైకి లేవకుండా నేలలోనే తన మొదలును బలపరచుకుని, ఆ తర్వాతే ఎత్తు పెరుగుతుంది. కలప వలయాలకు బదులు గట్టి నారకట్టలు మాను అంచువైపు దట్టంగా ఉండటం వల్ల తుఫాను గాలికి ఊగుతుందే గాని సులభంగా విరగదు. దానికి బదులుగా చెట్టు ప్రాణమంతా తలలోని ఒకే ఒక్క మొవ్వులో ఉండిపోయింది. వేపకొమ్మ నరికితే పది చిగుళ్లు వస్తాయి. తాటి మొవ్వును కొమ్ము పురుగు తొలిచినా, మొవ్వుకుళ్లు తెగులు సోకినా చెట్టు మొత్తం పోయినట్టే. గీత కార్మికులు తరతరాలుగా పోతుతాడులోనూ (మగ తాటిలోనూ), పెంటితాడులోనూ (ఆడ తాటిలోనూ) గెలనే చెక్కుతారు గాని మొవ్వు జోలికి పోరు. వారి చేతిపనిలో వృక్షశాస్త్రం ఉంది, వీలైతే చెట్టు కింద నిలబడి వారిని అడిగి తెలుసుకోండి.

పులికాట్, నేలపట్టులో ఏమి చూడాలి

ఉమ్మడి నెల్లూరు జిల్లాగా మనం ఎరిగిన దక్షిణ భాగంలో, సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఉంది. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది కాబట్టి అటకానితిప్ప దాపుల రోడ్డుపక్కనే నిలబడి ఫ్లెమింగోలను చూడవచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది.

ఫ్లెమింగో మేసే తీరును బైనాక్యులర్‌తో నిదానంగా చూడండి. తలను కిందికి వంచి, ముక్కు పైభాగం నేలవైపు ఉండేలా తలకిందులుగా నీటిలో పెడుతుంది. పిస్టన్ పనిచేసినట్టు నాలుక ముందుకు వెనక్కి కదులుతూ నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లోని సన్నని పలకలు జల్లెడ పట్టినట్టు పురుగులను, చిన్న రొయ్యలను, నత్తలను, విత్తనాలను నిలిపి ఉంచుతాయి. చాలా జంతువుల్లో పైదవడ పుర్రెకు అతుక్కుని ఉండగా ఫ్లెమింగోలో అది కూడా కదులుతుంది. తల తిరగబడి ఉన్నప్పుడు అది అవసరం కూడా. కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది.

ఈ ముక్కు ఇంకే పనికీ పెద్దగా పనికిరాదు. దాంతో పొడవలేదు, చీల్చలేదు. పొదిగిన పిల్లకు వంపు ముక్కు కూడా ఉండదు, అది తిన్నగా ఉంటుంది, కాబట్టి ముక్కు వంగి జల్లెడ ఏర్పడేవరకు తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే పాలవంటి ద్రవంతో పెంచుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది నీటి లోతు. ఫ్లెమింగోకు ఈత వచ్చినా, హాయిగా మేయగలిగేది కాలూ మెడా అందే లోతులోనే. పులికాట్ సగటు లోతు మీటరు దాపులే కావడం వల్ల ఆ సరస్సు దానికి సరిపోయింది. రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి సముద్రపు నీరు రావడం తగ్గితే, ఎండలకు సరస్సు భాగాలు భాగాలుగా ఎండిపోతే, ఆ పక్షికి మేత నేల కుదించుకుపోతుంది. ముఖద్వారాల పూడికతీత మత్స్యకారుల సమస్యగానే వార్తల్లో కనిపిస్తుంది గాని, ఒక పక్షి కాలి పొడవు తెలిసినవారికి అది ఆ పక్షి సమస్య కూడా అని తెలుస్తుంది. మీరు చూసిన రోజున నీరు ఫ్లెమింగో కాలిమీద ఎక్కడిదాకా వచ్చిందో బొమ్మగీసి గుర్తుపెట్టండి. కొన్ని నెలల తర్వాత అదే చోట మళ్లీ చూస్తే ఆ బొమ్మ విలువ తెలుస్తుంది.

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో గూడబాతులను (పెలికాన్లను) చూడండి. నీటిలో మునిగినా తట్టుకునే 'కడప' అనే జాతి చెట్లమీద అవి గూళ్లు కట్టుకుని, పులికాట్ దాకా ఎగిరి వెళ్లి చేపలు తెస్తాయి. ముక్కు కింది సంచిలో చేపలు మోసుకొస్తాయని చాలామంది అనుకుంటారు. ఆ సంచి చేపను నీటితో సహా తోడుకోవడానికి మాత్రమే. నీరు వార్చి చేపను మింగిన తర్వాతే పక్షి ఎగురుతుంది, పిల్లలకు గొంతులోంచి కక్కి పెడుతుంది. నిండు సంచితో ఎగరడం నాలుగైదు కిలోల ఆ దేహానికి సాధ్యం కాదు. గూళ్ల దగ్గరికి పోకుండా గట్టుమీదనుంచో, వాచ్ టవర్ నుంచో చూడటం తప్పనిసరి. పెద్ద పక్షి బెదిరి లేస్తే గూటిలోని గుడ్లూ పిల్లలూ ఎండకు, కాకులకు బలవుతాయి.

ఊహను నమ్మకండి, పరీక్షించండి

ఆకారం చూసి పనిని ఊహించడంలో ఒక ఆకర్షణ ఉంది, అందులోనే ప్రమాదమూ ఉంది. వరిపొలాల్లో తిరిగే ఓపెన్‌బిల్ కొంగను తీసుకోండి. దాని ముక్కు మూసినా రెండు దవడల మధ్య ఒక సందు మిగిలే ఉంటుంది. అది నత్తలు తింటుందని తెలిసినవారెవరైనా, ఆ సందులో నత్తను పెట్టి పగలగొడుతుందని వెంటనే తేల్చేస్తారు. పరిశీలకులు ఓపికగా చూసినప్పుడు తేలినది వేరు. కొంగ కింది ముక్కు కొనను నత్త మూత కిందికి దూర్చి, గుల్లకు అంటుకున్న కండను కోసి, మాంసాన్ని బయటికి లాగుతుంది. గుల్ల తరచుగా పగలకుండానే మిగులుతుంది. ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఆ కొంగలు మేసి వెళ్లిన పొలం గట్టుమీద ఖాళీ నత్తగుల్లలు ఏరి, ఎన్ని పగిలాయో, ఎన్ని నిండుగా ఉన్నాయో లెక్కవేయండి. పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు, వయసుతోపాటు వస్తుంది అన్న సంగతిని కూడా ఆలోచనలోకి తీసుకోండి.

ప్రతి భాగానికీ ఒక ఉపయోగం ఉండి తీరాలనుకోవడం ఇంకో పొరపాటు. పనికిరాని వాటిని మనవాళ్లు 'మేకమెడ చన్నులు' అని ఎప్పుడో అన్నారు. నెల్లూరు గొర్రెల్లో కూడా చాలావాటికి మెడ కింద అలాంటి రెండు తోలు కాయలు వేలాడుతుంటాయి. వాటికి ఏదో ప్రయోజనం కట్టబెట్టడానికి తంటాలు పడనక్కరలేదు, వంశపారంపర్యంగా వస్తున్న లక్షణమని రాసుకుంటే చాలు. అదే గొర్రెకు ఉన్ని బదులు పొట్టి వెంట్రుకలు, పొడవైన కాళ్లు ఉండటం మాత్రం వేరే సంగతి. వేడి నేలమీద మేత వెతుకుతూ దూరం నడిచే మందకు ఆ రెండూ పనికొస్తాయి.

రూపం చుట్టరికాన్ని కూడా మరుగుపరచగలదు. పొడవైన కాళ్లు చూసి ఫ్లెమింగోను కొంగల దాయాదిగా లెక్కించిన రోజులున్నాయి. జన్యు పరిశీలనల్లో దానికి అతి దగ్గరి బంధువులుగా తేలినవి మన చెరువుల్లో మునకలు వేసే బుడుబుంగ జాతి పిట్టలు. కాబట్టి మీ పుస్తకంలో 'ఎలా బతుకుతుంది' అన్న పేజీనీ, 'ఎవరికి బంధువు' అన్న పేజీనీ వేరువేరుగా ఉంచండి. మొదటిదానికి రూపం మంచి సాక్షి, రెండోదానికి ఒక్క రూపం సాక్ష్యం చాలదు.

పరిమాణాన్ని మరవకండి

ఆకారం ఒక్కటే చూసి పరిమాణాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. బంకమట్టితో ఒక సెంటీమీటరు ఘనాన్ని, రెండు సెంటీమీటర్ల ఘనాన్ని చేయండి. రెండోదాని ఉపరితలం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు అవుతుంది. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక అదే నిష్పత్తిలో పెరిగితే చాలదని, మరింత లావెక్కాలని గెలీలియో 1638లోనే చూపించాడు. మేక కాలి చుట్టుకొలతను, పొడవును టేపుతో కొలిచి, తర్వాత యజమాని పట్టుకోగా ఒంగోలు గిత్త కాలిని కొలిచి పోల్చితే ఆ మాట కళ్లకు కడుతుంది.

అదే లెక్క వేడికీ వర్తిస్తుంది. పెద్ద దేహంలో పుట్టే వేడికి తగినంత చర్మం ఉండదు. ఒంగోలు జాతిని ఈ కంటితో చూడండి. వదులుగా వేలాడే గంగడోలు, మడతల చర్మం, ఎక్కువ స్వేదగ్రంథులు, ఎండను తిప్పికొట్టే తెల్లని వెంట్రుకలు, వాటి కింద నల్లని చర్మం. వీటన్నిటితోపాటు దాని శరీరంలో పుట్టే వేడే విదేశీ పాడి ఆవులకంటే తక్కువ. పాల దిగుబడి ఆ ఆవులకంటే తక్కువగా ఉండటం ఇదే సంగతికి రెండో ముఖం, ఎందుకంటే ఎక్కువ పాలు ఇచ్చే దేహం ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. బ్రెజిల్ పశువుల పెంపకందారులు మన జిల్లా పేరుతోనే నెలోర్ అని పిలుచుకుంటూ ఈ జాతిని కోట్ల సంఖ్యలో పెంచుతున్నది దాని పాలకోసం కాదు, ఉష్ణమండలపు ఎండలో నిలబడి మాంసం ఇవ్వగలిగినందుకు.

ముందే రాసి, తర్వాత చూడండి

కొంత అభ్యాసం అయ్యాక ఒక క్రమం పాటించండి. తెలియని జీవి ఎదురైతే ముందు బొమ్మ గీయండి, కొలతలు వేయండి. తర్వాత పుస్తకం గాని, ఫోను గాని తెరవకుండా, అది ఎప్పుడు తిరుగుతుంది, ఏమి తింటుంది, దేన్ని తప్పించుకుంటుంది అన్నవాటిని ఊహించి తేదీతో రాయండి. ఊహ తప్పినా కొట్టివేయకుండా పక్కనే సరైనది రాయండి.

ఈ పద్ధతి నిజమైన శోధనలో ఎలా పనికివస్తుందో చూపడానికి మన పెన్నా పరీవాహకపు పక్షి కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) కంటే మంచి ఉదాహరణ లేదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరుతో 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత దశాబ్దాలపాటు ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని నమూనా చూస్తే మూడు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కళ్లు తలకు మించి పెద్దవి, కాళ్లు పొడవైనవి, పాదానికి వెనుక వేలు లేదు. పెద్ద కన్ను రాత్రి సంచారాన్ని, వెనుక వేలు లేకపోవడం కొమ్మ పట్టుకునే అవసరం లేని నేల పరుగును సూచిస్తాయి. దాని అప్పు కూడా అక్కడే ఉంది. పొదలు మరీ దట్టమైతే పరుగుకు చోటుండదు, పొదలన్నీ కొట్టేసి చదును చేస్తే పగలు దాగడానికి చోటుండదు. పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల మిగిలిన చిట్టడవే దానికి కావాలి. పరిశోధకులు ఆ పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి పాదముద్రలు వెతికి, కెమెరాలు అమర్చి దాని జాడ తీశారు.

మీ ఊరి చిట్టడవి అంచున, అనుమతి ఉన్న చోట, ఇదే పని చిన్న ఎత్తున చేయవచ్చు. సాయంత్రం జల్లించిన మెత్తటి మట్టిని అడుగు వెడల్పున బాట పొడవునా పరిచి, చీపురుతో చదును చేసి, సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడే ఉదయం వెళ్లి చూడండి. ముద్ర పక్కన స్కేలు పెట్టి నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. వెనుక వేలి గుర్తు ఉందా, వేళ్ల మధ్య కోణం ఎంత, అడుగుకూ అడుగుకూ దూరం ఎంత అన్నవి రాసుకోండి. ముందుకు చాచిన మూడు వేళ్లు మాత్రమే కనిపించినంతమాత్రాన అది కలివికోడి అని తేల్చకూడదు, ఎందుకంటే మెట్టల్లో తిరిగే ఇతర కోర్సర్ పిట్టలకూ, రాత్రిపూట అరిచే పెద్దకళ్ల థిక్‌నీ పక్షులకూ వెనుక వేలు ఉండదు. కొలతలతో ఉన్న ఫొటోను అటవీ శాఖవారికి చూపించండి, ఆ చోటు వివరాలను మాత్రం బహిరంగంగా పెట్టకండి.